తుప్పు పట్టిన జీపు... ధరెంత?

తోటలో ఓ మూలన తాతల నాటి జీపు. అమ్మేవాళ్ల కంటికి అది తుక్కు. కొనేవాళ్ల కంటికి కల. తుక్కు ధరకి ఇచ్చేస్తే ఒకరికి నష్టం, కలకి ధర కడితే మరొకరికి నష్టం. మరి ఇద్దరికీ న్యాయమైన ధర ఎక్కడుంది? దాన్ని పట్టుకోవడానికి ఓ లెక్క ఉంది. కాస్త ఓపిక ఉంటే ఎవరైనా వేసుకోవచ్చు!

నల్లమల అంచున, కృష్ణానదికి దగ్గర్లో ఉన్న ఊరు కొల్లాపూర్. ఒకప్పుడు సురభి వంశీయుల జటప్రోలు సంస్థానానికి రాజధాని. మామిడిపండ్లకి పెట్టింది పేరు. నిన్నమొన్నటిదాకా మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఆ చుట్టుపక్కల ఓ మామిడితోటలో ఈ దృశ్యాన్ని ఊహించుకోండి.

పశువుల కొట్టం. పక్కన వేపచెట్టు. దానికింద ఓ జీపు. టైర్లలో గాలి లేదు. టాపు ఏనాడో చిరిగిపోయింది. డ్రైవర్ సీటు మీద కోడి గుడ్లు పొదుగుతోంది. హైదరాబాద్ నుంచి మామిడిపండ్ల కోసం వచ్చిన కుర్రాడు దాన్ని చూసి ఆగిపోయాడు.

''పెద్దయ్యా, జీపు అమ్ముతరా?''

''అమ్ముతం గని, ఏమిస్తవ్ బిడ్డా?''

''మీరే చెప్పుండ్రి.''

''పాత సామాన్లాయన ముప్పై వేలు ఇస్తనన్నడు. నువ్వు అంతకన్న ఎక్కువియ్యి.''

కుర్రాడి గుండె ఝల్లుమంది. ఎందుకంటే, ఇలాంటిదే తళతళలాడే జీపుని ఐదు లక్షలకి అమ్ముతామన్న ప్రకటన పొద్దున్నే సెల్‌ఫోన్లో చూశాడు. ఇంకేం... నలభై వేలిచ్చి ఎక్కించుకుపోతే లక్షలు లాభం అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయన కొడుకు వచ్చాడు. అతనూ అదే ప్రకటన చూశాడు! ''నాలుగు లక్షలకి రూపాయి తగ్గేది లేదన్నా'' అన్నాడు.

ముప్పై వేలా? నాలుగు లక్షలా? నిజానికి రెండూ తప్పే. కుర్రాడు పెట్టేది ఇంటి కోసం దాచుకున్న సొమ్ము. పెద్దాయనకి వచ్చేది మనవరాలి కాలేజీ ఫీజు. అందుకే ఈ బేరంలో ఎవరూ మోసపోకూడదు.

అన్నీ 'విల్లీస్'లే అంటారు!

పాత జీపు ధర తెలియాలంటే ముందు అది ఏ జీపో తెలియాలి. అమ్మేవాళ్లని అడిగితే నూటికి తొంభైమంది 'విల్లీస్' అనే అంటారు. ఆ పేరుకున్న విలువ అలాంటిది మరి.

రెండో ప్రపంచయుద్ధం కోసం 1941 నుంచి 1945 దాకా అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. విల్లీస్‌ది ఎంబీ, ఫోర్డ్‌ది జీపీడబ్ల్యూ. యుద్ధం అయ్యాక మిలిటరీ అమ్మేసిన జీపుల్ని జమీందార్లూ కాంట్రాక్టర్లూ కొనుక్కున్నారు. విల్లీస్ కంపెనీ మాత్రం 'యుద్ధం అయిపోతేనేం, పొలాలున్నాయిగా' అనుకుంది. రైతుల కోసం 1945లో సీజే-2ఏ, 1949లో సీజే-3ఏ, 1953లో సీజే-3బీ తెచ్చింది. మన దగ్గర మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విడిభాగాలు తెప్పించి బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సీజే-3బీని ఇక్కడే తయారుచేసింది. అమెరికాలో ఆ మోడల్ 1968లోనే ఆగిపోయినా మన దేశంలో దాని పిల్లలూ మనవలూ దశాబ్దాలపాటు రోడ్డెక్కాయి. పోలీసులకీ అటవీశాఖకీ ఎన్నికల ప్రచారానికీ అవే. బస్సు రాని పల్లెలకి సర్వీసు జీపులూ అవే. మనం ఊళ్లలో చూసినవి చాలావరకూ ఈ మహీంద్రాలే.

మరి చూడగానే పోల్చుకోవడం ఎలా? ముందు బానెట్ చూడండి. అది పొట్టిగా, చదునుగా ఉంటే 'లో బానెట్', ఎత్తుగా ఉంటే 'హై బానెట్'. సీజే-3బీలో పెట్టిన హరికేన్ ఇంజన్ పాతదానికన్నా పొడుగు. అది పట్టడానికే బానెట్‌ని పైకి లేపారు. తర్వాత ముందువైపు జాలీలో గీతలు లెక్కపెట్టండి. యుద్ధకాలం జీపుకి సాధారణంగా తొమ్మిది సందులుంటాయి, హెడ్‌లైట్లు లోపలికి ఉంటాయి. రైతు జీపు సీజేకి ఏడు సందులు, లైట్లు ముందుకి ఉబ్బి ఉంటాయి. యుద్ధం జీపుకి వెనక తలుపు ఉండదు. పెట్రోలు పోయాలంటే డ్రైవర్ సీటు ఎత్తాలి. సీజేకి వెనక తలుపు ఉంటుంది, పెట్రోలు బయటినుంచే పోయొచ్చు.

ఇంకా తేల్చుకోవాలంటే నేలమీద పడుకుని ముందు బంపర్ వెనక ఛాసిస్‌ని కలిపే అడ్డకడ్డీ చూడాలి. అది గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన కాలువలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్‌వాళ్లు చాలా బోల్టుల మీద కూడా తమ మొదటి అక్షరాన్ని కొట్టుకున్నారు.

ఇక్కడే ఓ జాగ్రత్త. బాడీని చూసి మురిసిపోకండి. హర్యానాలోని మండీ డబ్వాలీ జీపులు తయారుచేసివ్వడంలో దేశమంతా పేరున్న ఊరు. కొత్త రేకుతో అచ్చం పాత జీపులాంటి బాడీ చేసిస్తారు. వాళ్ల పనితనాన్ని తప్పుపట్టలేం. అలాంటి బాడీని మహీంద్రా ఛాసిస్ మీద పెట్టి '1944 నాటి మిలిటరీ బండి' అని చెప్పి అమ్మేవాళ్లతోనే చిక్కంతా. రేకు అబద్ధం చెప్పొచ్చు. ఛాసిస్ మీద చెక్కిన నంబరు అంత తేలిగ్గా చెప్పదు. అందుకే ఛాసిస్ మీద నంబరు, ఇంజన్ మీద నంబరు, సీ బుక్కులో నంబర్లు... అన్నీ కలవాలి.

అన్నట్టు, మిలిటరీ జీపులన్నీ విల్లీస్‌లూ కావు. కాస్త పొడవుగా, బరువుగా కనిపించేది జోంగా కావచ్చు. నిస్సాన్ పెట్రోల్ నమూనాతో జబల్‌పూర్‌లోని వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా తయారైందది. ఆరు సిలిండర్ల ఇంజన్. మోజుపడేవాళ్లు ఎక్కువే, తాగే పెట్రోలూ ఎక్కువే!

ముందు చక్రాలూ తిరగాలి

జీపు అనగానే నాలుగు చక్రాలూ లాగుతాయనుకుంటాం. ఊళ్లలో తిరిగిన సర్వీసు జీపుల్లో చాలావాటికి వెనక చక్రాలే లాగుతాయి. ఈ తేడా తెలియకపోతే ధరలో దెబ్బతింటారు. ముందువైపు కిందకి వంగి చూడండి. ఇరుసు మధ్యలో బుడిపెలా ఉబ్బిన డిఫరెన్షియల్ ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ అయ్యే అవకాశం ఉంది. లోపల డ్రైవర్ పక్కన మామూలు గేరు రాడ్డు కాకుండా మరో చిన్న రాడ్డో రెండో ఉండాలి. పాత విల్లీస్‌లకి మొత్తం మూడు. ఒకటి గేర్లకి, ఒకటి ముందు చక్రాలకి, ఒకటి 'హై-లో'కి.

రాడ్లు ఉన్నంతమాత్రాన సరిపోదు, అవి పనిచేయాలి. కదిలే బండి అయితే దుక్కి నేలలోకి తీసుకెళ్లి నాలుగు చక్రాలకీ గేరు వేసి చూడండి. తారు రోడ్డు మీద మాత్రం ఆ పరీక్ష వద్దు, లోపలి పళ్లు పాడవుతాయి.

కుండని తట్టినట్టు...

కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా. జీపు ఛాసిస్ కూడా అంతే. చిన్న సుత్తితో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తట్టుకుంటూ వెళ్లండి. 'ఠంగ్' మంటే ఇనుము గట్టిగా ఉంది. 'డబ్' మంటే లోపల తుప్పు తినేసింది, లేదా ఎవరో పుట్టీ పెట్టి రంగు కొట్టారు. కమాన్ పట్టీలు తగిలించేచోట, వెనక బంపర్ దగ్గర మరింత జాగ్రత్తగా చూడాలి. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే లోపలికి దిగిందా... ధర సగానికి సగం తగ్గించాల్సిందే. రేకు మార్చడం తేలికే, ఛాసిస్ మార్చాలంటే కాగితాల తలనొప్పి కూడా తోడవుతుంది.

ఈ విషయంలో పాలమూరు, నల్గొండ జీపులకి ఓ అదృష్టముంది. అక్కడిది పొడిగాలి. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు ఉప్పుగాలికి తిన్నట్టుగా అక్కడ ఇనుముని తుప్పు తినదు. అయితే కొట్టంలో పెట్టిన బండి సంగతి వేరు. పశువుల మూత్రం, పేడ, తడిగడ్డి... ఇవన్నీ ఇనుముకి శత్రువులే. ఎలుకలు వైరింగ్‌ని వదలవు. చెట్టుకింద ఉన్నదానికన్నా కొట్టంలో ఉన్న బండి బాగుంటుందన్న గ్యారంటీ లేదు.

తర్వాత నూనెలు. ఇంజన్ ఆయిల్ పుల్ల తీసి చూడండి. డిఫరెన్షియల్ నట్టు విప్పి వేలు పెట్టండి. నూనె మజ్జిగలా తెల్లగా ఉందంటే నీళ్లు కలిశాయన్నమాట. వాగులూ వంకలూ దాటిన బండిలో ఇది మామూలే, కానీ లోపలి బేరింగులకి ఖర్చు రాసుకోవాలి.

ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇంజన్‌ని చూడగానే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టొద్దు. పాత పెట్రోలు ఇంజన్ అయితే ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో కొంచెం నూనె పోసి, ఒకట్రెండు రోజులాగి హ్యాండిల్‌తో చేత్తో తిప్పి చూడాలి. తిరిగితే సగం గండం గడిచినట్టే. బిగుసుకుపోయి ఉంటే పూర్తి ఓవర్‌హాలింగ్ ఖర్చు లెక్కలో వేసుకోవాలి. స్టార్టయ్యే బండి అయితే పొగ రంగు చూడండి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్‌ని తాగుతోంది, నల్లగా వస్తే ఇంధనం సరిగా మండడం లేదు. స్టీరింగ్ చక్రం అటూఇటూ ఊగినా టైర్లు కదలకపోతే కింగ్‌పిన్నులూ స్టీరింగ్ బాక్సూ అరిగాయని అర్థం.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న... అది పుట్టినప్పటి ఇంజనేనా? పెట్రోలు జీపులో డీజిల్ ఇంజన్ బిగించుకోవడం మన దగ్గర మామూలే. తోట పనికి కొనేవాళ్లకి డీజిలే మేలు. పాతబండిని పాతగానే దాచుకోవాలనుకునేవాళ్లకి మాత్రం పెట్రోలు ఇంజన్ పోయిందంటే విలువ పోయినట్టే. అంటే ఒకే జీపుకి ఇద్దరు మనుషుల దగ్గర రెండు ధరలు. అందుకే 'ఎంతకి కొనాలి' అనేముందు 'ఎందుకు కొంటున్నాం' అని అడుక్కోవాలి.

కాగితం లేని జీపు... కాళ్లు లేని గుర్రం

అసలు ధరని తేల్చేది ఇదే. సీ బుక్కు లేకపోతే ఆ జీపు రోడ్డెక్కదు. రోడ్డెక్కని జీపు విలువ దాని విడిభాగాల విలువే, అంతకుమించి పైసా కూడా కాదు.

* సొంత బండి రిజిస్ట్రేషన్‌కి మొదట 15 ఏళ్లు గడువు. తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లూ జీపుల్లాంటి వాటికి ఈ ఫీజుని 2025 ఆగస్టులో 10 వేల రూపాయలకి పెంచారు. బకాయిపడ్డ గ్రీన్ ట్యాక్స్, ఆలస్యానికి జరిమానా అదనం.

* సీ బుక్కులో పేరున్న వ్యక్తి చనిపోతే ముందు వారసుల పేరు మీదికి మార్చాలి. దానికి ఫారం 31. వారసులు మూడు నెలల్లోపే దరఖాస్తు చేసుకోవాలి. పల్లెల్లో చాలా జీపులు తాతల పేరు మీదే ఉండిపోవడానికి కారణం ఈ పని వాయిదా వేయడమే. మామూలు అమ్మకానికైతే 29, 30 ఫారాలు. సర్కారు వేలంలో కొన్న బండికి ఫారం 32.

* ఎప్పుడో ఫైనాన్స్‌లో కొన్న బండి అయితే అప్పు తీరినా ఆ పద్దు సీ బుక్కులో అలాగే ఉండిపోవచ్చు. ఫారం 35తో దాన్ని కొట్టేయించాలి.

* ఇంజన్ మార్చి ఉంటే ఆ సంగతి సీ బుక్కులో ఎక్కి ఉండాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్లకి 2021లో కేంద్రం ప్రత్యేకంగా 'వింటేజ్' రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్తగా చేయించుకోవడానికి 20 వేలు, పదేళ్లు చెల్లుబాటు. కాకపోతే ఆ నంబరుతో రోజూ తిరగడం కుదరదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ మరమ్మతులకీ తీసుకెళ్లడం వరకే. తోటకి రోజూ వెళ్లొద్దామనుకునేవాళ్లకి అది పనికిరాదు.

మరో మార్పు కూడా ధర మీద ప్రభావం చూపిస్తోంది. ఒకప్పుడు ప్రభుత్వశాఖలు పాత జీపుల్ని వేలం వేసేవి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దయిపోతోంది. కొన్ని ప్రత్యేక అవసరాల వాహనాలు తప్ప మిగతావన్నీ తుక్కు చేసే కేంద్రాలకే వెళ్లాలి. అంటే ఆ దారిలో పాత జీపులు బయటికి రావడం దాదాపు ఆగిపోయింది. ఉన్నవాటికి గిరాకీ పెరగడానికి ఇదీ ఓ కారణం.

వెనక నుంచి లెక్క!

ఇప్పుడు అసలు కిటుకు. పాడైన జీపు ధరని ఆ జీపుని చూసి కట్టకూడదు. బాగుచేశాక దాని ధరెంతో చూసి, అక్కడినుంచి వెనక్కి రావాలి. కింది అంకెలు ఉదాహరణకే. మీ ఊళ్లో మెకానిక్‌ని, టింకరింగ్ మేస్త్రీని అడిగి మీ అంకెలు మీరు వేసుకోండి.

అదే మోడల్, కాగితాలు సరిగా ఉండి, బాగుచేసిన జీపు: 5,00,000

ఇందులోంచి తీసేయాల్సినవి...

ఇంజన్ పని: 80,000
ఛాసిస్, రేకు, రంగు: 90,000
బ్రేకులు, స్టీరింగ్, హబ్‌లు: 45,000
ఐదు టైర్లు, ట్యూబులు: 35,000
వైరింగ్, బ్యాటరీ: 20,000
సీట్లు, టాపు: 25,000
కాగితాలు, లారీ కిరాయి: 25,000
మొత్తం: 3,20,000

విప్పాక బయటపడే ఖర్చులు ఎప్పుడూ ఉంటాయి. అందుకు మరో 20 శాతం అంటే 64,000 కలపండి. మొత్తం 3,84,000. ఐదు లక్షల్లోంచి తీసేస్తే మిగిలింది 1,16,000. కొనేవాళ్లు దాటకూడని గీత అదే.

మరి అమ్మేవాళ్ల గీత? జీపు బరువు సుమారు ఒక టన్ను. తుక్కు కిలో 30 రూపాయలనుకుంటే 30 వేలు. పాత సామాన్లాయన చెప్పింది ఈ లెక్కే. కానీ ఇంజన్, గేరుబాక్సు, ఇరుసులు, చక్రాలు విడివిడిగా అమ్మితే 70 వేలు వస్తాయనుకుందాం. అప్పుడు అంతకన్నా తక్కువకి జీపు ఇవ్వాల్సిన పనిలేదు.

అంటే న్యాయమైన ధర 70 వేలకీ 1,16,000కీ మధ్యలో ఎక్కడో ఉంది. ముప్పై వేలూ కాదు, నాలుగు లక్షలూ కాదు! ఇంజన్ బాగుంటే ఆ 80 వేలు ఖర్చులోంచి పోయి ధరలోకి వస్తాయి. ఛాసిస్ పోయి ఉంటే ధర కిందకి జారుతుంది. అసలైన యుద్ధకాలం విల్లీస్ అని నంబర్లతో రుజువైతే మొదటి అంకే మారిపోతుంది, అక్కడినుంచి లెక్క మళ్లీ వేయాలి.

అమ్మేవాళ్లకీ ఓ మాట

అమ్మేముందు 'కాస్త అందంగా ఉంటే మంచి ధర వస్తుంది' అని రంగు కొట్టించేవాళ్లుంటారు. ఆ పని చేయొద్దు. తెలిసినవాళ్లు కొత్త రంగుని చూస్తే కింద ఏం దాచారోనని అనుమానపడతారు. వెలిసిపోయిన పాత రంగు ఏదీ దాచదు. ఎక్కడ సొట్ట ఉందో, ఎక్కడ తుప్పు ఉందో చెప్పేస్తుంది. నిజం చెప్పే బండికే ధర పలుకుతుంది. కడిగి, దుమ్ము దులిపి, టైర్లలో గాలి పెట్టిస్తే చాలు. పాత మీటరు, స్టీరింగ్ చక్రం, నంబర్ల ప్లేటు ఎవరైనా విడిగా అడిగితే ఇవ్వకండి. చిన్నవే కానీ దొరకనివి అవే.

ఇంకొకటి. డబ్బు చేతికొచ్చింది కదా అని పేరు మార్పించకుండా వదిలేయొద్దు. బండి అమ్మేసినా సీ బుక్కులో పేరున్న వ్యక్తే చట్టం దృష్టిలో ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు ఆ జీపు ఎక్కడైనా ప్రమాదం చేస్తే నష్టపరిహారం నోటీసు వచ్చేది పెద్దాయన ఇంటికే.

మళ్లీ వేపచెట్టు కిందికి వెళ్దాం. కుర్రాడు కాగితం మీద లెక్కంతా రాసి పెద్దాయనకీ కొడుక్కీ చూపించాడనుకోండి. బేరం అప్పుడు కోపతాపాల మీద కాదు, టైర్ల ధర మీదా టింకరింగ్ కూలీ మీదా నడుస్తుంది. ''రంగుకి గంత కాదు, మా ఊరి మేస్త్రీ తక్కువకి జేస్తడు'' అని కొడుకంటాడు. ''అయితే ఆ పది వేలు మీకే'' అని కుర్రాడంటాడు. చివరికి లక్ష దగ్గర కుదురుతుంది. బయానా పదివేలు ఇప్పుడు, మిగతాది తాత పేరు నుంచి కాగితాలు మారాక. ఒకరి పొదుపూ నిలిచింది, ఒకరి ఫీజూ గట్టెక్కింది, జీపు తుక్కు కాకుండా మిగిలింది.

పాపం, కోడే వేరే చోటు వెతుక్కోవాలి!